తెల్లగా మిగిలిన సీసా

నా రాతబల్ల మీద 300 మిల్లీలీటర్ల గాజు సీసా ఒకటి ఉంటుంది. బిరడా కూడా గాజుదే. ఆ బిరడా అడుగు సమంగా ఉండదు, ఏటవాలుగా చెక్కి ఉంటుంది. నీళ్లు అంచుదాకా నింపి బిరడా పెడితే, కింద చిక్కుకోబోయిన గాలి బుడగ ఆ వాలు మీదుగా జారి బయటికి పోతుంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే సీసా అది, ఒక్క బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది కాబట్టి ఆ ఏర్పాటు. చూసినవాళ్లు పువ్వులు పెట్టుకోవడానికా అని అడుగుతారు. బీఓడీ బాటిల్ అంటే సగం మందికి అర్థం కాదు. మిగతా సగం మంది, అది ఇంకా ఎందుకు దాచుకున్నావంటారు. దాని మెడ దగ్గర 14 అని అంకె చెక్కి ఉంది. ఒక తెల్లవారుజామున నా చేతిలో తెల్లగా మిగిలిపోయిన సీసా అదే.

అప్పుడు నేను జువాలజీ ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నాను. మురికినీరు చేపలను ఏం చేస్తుందో చూడటం నా ప్రాజెక్టు. ఆ వయసులో నాకు తెలిసిన కాలుష్యం ఒక్కటే: నీళ్ల మీద వెల్లకిలా తేలిన చేపలు, పేపర్లో ఫోటో. చచ్చిన చేపల్ని లెక్కపెడితే కాలుష్యాన్ని కొలిచినట్టే అనుకునేదాన్ని. ఆ లెక్క ఎంత తప్పో నాకు నేర్పింది ఇద్దరు. ఒకరు మా ల్యాబ్ సార్, ఇంకొకరు చెరువు మీద వల వేసుకునే ఒక తాత. ఇద్దరూ ఇప్పుడు లేరు.

మొదటి పాఠం చెరువు దాకా వెళ్లకముందే జరిగింది. క్యాన్లలో పరిగెపిల్లలు తెచ్చాం, నలభై దాకా. తొట్టెలు కడిగి, కుళాయి నీళ్లు పట్టి, అందులో వదిలాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఇంత శుభ్రమైన నీళ్లు చెరువులో వాటికి ఎప్పుడు దొరికాయని మురిసిపోయాను కూడా. పది నిమిషాలు కాలేదు, చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. కొన్ని పక్కకి ఒరిగి గుండ్రంగా తిరిగాయి. నాకు చేతులు ఆడలేదు. సార్ వచ్చి చూసి, ఒక్క మాట కూడా అనకుండా అరలోంచి సీసా దించి, నాలుగు తెల్లని పలుకులు నీళ్లలో వేసి కలిపారు. అది హైపో. సోడియం థయోసల్ఫేట్‌ని ల్యాబులో అందరం అలాగే అనేవాళ్లం. కుళాయి నీళ్లలో ఉన్న క్లోరిన్‌ని అది అక్కడికక్కడే విరిచేస్తుంది. సగానికి పైగా చేపలు తేరుకున్నాయి. మిగతావి తేరుకోలేదు.

పోయిన చేపల్లో ఒకదాన్ని సార్ అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో మొప్ప మూత ఎత్తి చూపించారు. ఎర్రగా తడిగా ఉండాల్సిన మొప్పలు పాలిపోయి ఉన్నాయి. వాటి మీద జిగట, జలుబు చేసినప్పటి చీమిడిలా. "మనం తాగడానికి పనికొచ్చిన నీళ్లమ్మా ఇవి. దీనికి పనికి రాలేదు" అన్నారు. అంతే అన్నారు.

ఆ తర్వాత మైక్రోస్కోపు కింద ఆరోగ్యమైన మొప్ప ముక్క పెట్టి చూపించారు. దువ్వెన పళ్లలాంటి తంతువులు, ఒక్కో తంతువుకి రెండు వైపులా పలచని రేకులు. ఆ రేకులో రక్తానికీ బయటి నీటికీ మధ్య ఉండేది పొర మీద పొర పెట్టిన కొద్దిపాటి కణాలే. అంత పలచగా ఎందుకుండాలో తర్వాత తెలిసింది. లీటరు గాలిలో దాదాపు 280 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో ఉన్న లీటరు నీళ్లలో, ఎంత బాగా గాలి కలిసినా, 7.5 మిల్లీగ్రాములు మించి నిలవదు. ఆ కాస్తంత కోసం చేప నోటితో నీళ్లు లాగి మొప్పల మీదుగా నెడుతుంది. రేకుల్లో రక్తం నీటికి ఎదురు దిశలో పారుతుంది, ఉన్నదాంట్లో ఎక్కువ భాగం పిండుకోవడానికి. ఊపిరి తీసుకోవడం, ఉప్పు నిలబెట్టుకోవడం, ఒంట్లోని అమ్మోనియా బయటికి పంపడం, అన్నీ ఆ పొర గుండానే. మనకి ఊపిరితిత్తి, మూత్రపిండం రెండూ ఒంటి లోపల దాగి ఉంటాయి. చేపకి ఆ పని చేసే చోటు నేరుగా నీళ్లలో ఉంది. నీళ్లలో ఏది కలిపినా ముందు తగిలేది అక్కడే.

క్లోరిన్ ఒక్కటే కాదు, రాగి, జింకు, ఆమ్లపు నీళ్లలో కరిగి వచ్చే అల్యూమినియం, డిటర్జెంటు, ఏది తగిలినా మొప్ప చేసేది ఒకటే. తనని తాను కాపాడుకోవడానికి పొరని మందం చేసుకుంటుంది, జిగట కక్కుతుంది. అలా అడ్డుగోడ కట్టుకుంటే విషం లోపలికి రావడం తగ్గుతుంది. ఊపిరీ తగ్గుతుంది. ఆ స్లైడుల్లో పక్కపక్క రేకులు అతుక్కుపోయి ఉన్నవి చూసినప్పుడు, పళ్లు విరిగి మట్టి పట్టిన దువ్వెన గుర్తొచ్చేది. ఆ చేప ఇంకా బతికే ఉండేది. తినేది, ఈదేది. చూపుకి ఏ తేడా తెలిసేది కాదు.

ఇక చెరువు. ఒక వైపు నుంచి మురుగుకాలువ వచ్చి కలుస్తుంది. నీళ్లు ఏడాదిలో సగం రోజులు చిక్కటి ఆకుపచ్చ. మా ల్యాబుకి పొద్దున పదింటికి బయలుదేరితే, సరంజామా సర్దుకుని చెరువు చేరేసరికి పన్నెండు. ఎండ నెత్తి మీద ఉండేది. పడవ తాతది. మాకోసమని తాత వల పక్కన పెట్టి, గెడ వేసుకుంటూ మధ్యదాకా తీసుకెళ్లేవాడు. నేను సీసా ముంచి, బుడగ రాకుండా నింపి, మొదట మాంగనస్ సల్ఫేటు, తర్వాత క్షారం కలిసిన అయొడైడు పిపెట్‌తో అడుగుకి దించి, బిరడా పెట్టి తలకిందులు చేసేదాన్ని. 1888లో హంగరీ కెమిస్టు వింక్లర్ చెప్పిన పద్ధతి అది. మీటర్లు ఎన్నొచ్చినా, దాన్ని చేతులారా చేసినవాళ్లకి దాని మీద ఉండే నమ్మకం వేరు. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమరంగు మడ్డి కడుతుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత ముదురు రంగు. ఆ మడ్డిని ఆమ్లంతో కరిగిస్తే తేనె రంగు ద్రవం వస్తుంది. దాన్ని మళ్లీ హైపోతోనే బ్యూరెట్‌లో చుక్క చుక్కగా కొలవాలి. స్టార్చ్ వేయగానే వచ్చే నీలం రంగు ఏ చుక్కకి పోతుందో, అదీ లెక్క. మా చేపల్ని కాపాడిన పలుకులే మా కొలతకీ పనికొచ్చాయి.

మా చెరువు నీళ్లలో మడ్డి ముదురుగా, కాఫీ గింజ రంగులో కట్టింది. లెక్కకడితే లీటరుకి 12 మిల్లీగ్రాములు దాటింది. ఆ వేడికి నీళ్లలో ఉండాల్సిన దానికన్నా ఎంతో ఎక్కువ. నాలుగు వారాలు వరసగా అంతే. నేను రికార్డులో రాసుకున్నాను: "ఆక్సిజన్ సమృద్ధిగా ఉంది. చేపలకు అనుకూలం." ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చదివితే గుండె కలుక్కుమంటుంది.

ఆ మాట తాతకి చెప్పాను. ఆయన గెడ ఆపి నావైపు కాసేపు చూశాడు.

"అమ్మాయ్, మిట్టమధ్యాన్నం వచ్చి నీళ్లు పట్టుకుపోతే ఏం తెలుస్తది? ఆ యాళకి చెరువు నవ్వుతానే ఉంటది. తెల్లారగట్ల రా. సూర్యుడు రాకముందు రా."

వెళ్లాం. అయిదు కూడా కాలేదు, ఇంకా మసక. నీళ్ల మీద గాలి లేదు. ముందు నాకేమీ కనిపించలేదు, వినిపించింది. చెరువంతా చిన్న చిన్న చప్పుడు, పెదవులతో చప్పరించినట్టు. ఎక్కడ చూసినా నీటి అంచు మీద నోళ్లు. వేల నోళ్లు. గాలికి తగిలి ఉండే పైపొరలో ఉన్న కాస్త ఆక్సిజన్ కోసం చేపలన్నీ పైకొచ్చేశాయి. గట్టు దగ్గర నత్తలు తుంగ కాడలు ఎక్కి నీళ్లకి పైన అతుక్కుని ఉన్నాయి. తాత లాంతరు ఎత్తినా ఏ చేపా పారిపోలేదు. పారిపోవడానికి శక్తి లేదు.

పద్నాలుగో నంబరు సీసా ముంచాను. రెండు మందులూ వేసి, బిరడా పెట్టి, తలకిందులు చేశాను. గోధుమరంగు కోసం చూశాను. మళ్లీ తిప్పాను. టార్చి వెలుగులో సీసా పాలు పోసినట్టు తెల్లగా ఉంది. కిందికి దిగిన మడ్డి తెల్లగానే ఉంది. ఆక్సిజన్ లేకపోతే అది తెల్లగానే ఉంటుందని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. చేతిలో పట్టుకుని చూడటం అదే మొదలు. తాత సీసా అందుకుని, వెలుగుకి పెట్టి చూసి, "ఇదేనా మీ లెక్క" అన్నాడు. "ఇదే తాతా" అన్నాను. ఆయన తల ఊపి తిరిగి ఇచ్చాడు.

దాని వెనక ఉన్న సంగతి సార్ తర్వాత విడమరిచి చెప్పారు. కాలువ నీళ్లు మోసుకొచ్చేది మురికి ఒక్కటే కాదు, ఎరువు కూడా. ముఖ్యంగా ఫాస్ఫరస్. కెనడాలో ఒక సరస్సుని 1973లో మధ్యలో పరదా కట్టి రెండు చేశారట. రెండు వైపులా కార్బన్, నైట్రోజన్ పోశారు. ఒక వైపు మాత్రం ఫాస్ఫరస్ కలిపారు. ఆ ఒక్క వైపే పచ్చగా పాచి పట్టింది. పైనుంచి తీసిన ఆ ఫోటో సార్ దగ్గర జిరాక్సు కాపీగా ఉండేది. నలుపు తెలుపుల్లో కూడా ఆ గీత స్పష్టంగా తెలిసేది. ఫాస్ఫరస్ తిన్న నాచు పగలంతా ఎండలో ఆక్సిజన్ కక్కుతుంది, అదే నా 12 మిల్లీగ్రాములు. రాత్రి అదే నాచు ఊపిరి పీలుస్తుంది. అడుగున కుళ్లేది కుళ్లుతూ ఇంకాస్త లాక్కుంటుంది. తెల్లారేసరికి ఖర్చు అంతా తేలి, చేపలకి ఏమీ మిగలదు. పగటి కొలత ఎంత ఎక్కువ ఉంటే, తెల్లవారుజాము అంత భయంగా ఉంటుందన్నమాట. నేను సమృద్ధి అని రాసింది నిజానికి జబ్బు లక్షణం.

పోనీ పగలైనా చేపలకి సుఖమా అంటే, అదీ కాదు. నాచు ఎండలో నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటుంది, నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, పీహెచ్, పైకి పోతుంది. మురుగుతో వచ్చిన అమ్మోనియా పీహెచ్ 7 దగ్గర దాదాపుగా హాని లేని రూపంలో ఉంటుంది, వందలో ఒక వంతు కూడా విషం కాదు. అదే నీటి పీహెచ్ 9 అయితే మూడో వంతుకి పైగా మొప్ప పొరని దాటి లోపలికి పోయే రూపంలోకి మారుతుంది. బయటి నుంచి కొత్తగా ఒక్క చుక్క పడక్కర్లేదు. పొద్దున ఊపిరాడదు, మధ్యాహ్నం అమ్మోనియా. ఒకే నీళ్లు ఒకే రోజులో చేపని రెండు రకాలుగా ఏడిపిస్తాయి. రెండూ చంపేంత కాకపోవచ్చు. అప్పుడు ఎదగదు, గుడ్డు పెట్టదు, చిన్న జబ్బుకే లొంగిపోతుంది.

తాతకి ఈ పేర్లు ఏవీ తెలియవు. కానీ ఆయన చూపు పాఠ్యపుస్తకం. నీళ్లు నురగ కడితే ఒక మాట చెప్పేవాడు, నూనె తెట్టు కడితే ఒక మాట. ఆ ఏడాది శీలావతి, బొచ్చె తగ్గి, మార్పులు, ఇంగిలాయిలు, కొరమీనులే వలలో పడుతున్నాయని ఆయన ముందే అన్నాడు. అవన్నీ పైకొచ్చి గాలి పీల్చుకోగలిగిన చేపలు. ఆక్సిజన్ కోసం నీటి మీద ఆధారపడని జాతులే మిగిలాయంటే నీటి సంగతేమిటో చెప్పక్కర్లేదు. అడుగు బురదలో మేం జల్లెడ పడితే దొరికిందీ అదే కథ: తూనీగ పిల్లలు, మేఫ్లై పిల్లలు మాయమై, దారాల్లా ట్యూబిఫెక్స్, రక్తపు చుక్కల్లా ఎర్రటి కైరోనోమస్ పురుగులు కుప్పలుగా వచ్చాయి. ఆ ఎరుపు హీమోగ్లోబిన్‌దే. ఉన్న చిటికెడు ఆక్సిజన్‌ని పట్టుకోవడానికి వాటి ఒంట్లో ఉన్న ఏర్పాటు. అదంతా నేను ఎంతో కష్టపడి తేల్చాను, తాత వల దులుపుతూ తేల్చాడు.

చచ్చిన చేపని చదవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఊపిరాడక పోయిందైతే తెల్లవారుజామున పోతుంది, నోరు తెరిచి, మొప్ప మూతలు విప్పుకుని ఉంటుంది, పెద్ద చేపలు ముందు పోతాయి. పురుగుమందు పడితే వేళాపాళా ఉండదు, చిన్నా పెద్దా తేడా ఉండదు, కప్పలూ పురుగులూ కూడా పోతాయి. మొప్పలు మట్టిరంగుకి తిరిగితే నైట్రైట్ రక్తాన్ని పాడు చేసిందని అర్థం. ఇది సార్ చేర్చిన మాట. ఆ రక్తం ఆక్సిజన్ మోయలేదు. నీళ్ల నిండా ఆక్సిజన్ ఉన్నా చేప ఊపిరాడకే పోతుంది.

ఈ చదువు ఒకసారి పనికి రాకుండా పోయింది. ఆ బాధ ఇంకా ఉంది. ప్రాజెక్టు అయిపోయి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంకో నీటివనరులో ఒక సాయంత్రం ఉన్నట్టుండి చేపలన్నీ పోయాయని కబురు. పరీక్షకి నీళ్లు పంపాల్సినవాళ్లు మూడో రోజు పంపారు, అదీ మామూలు ప్లాస్టిక్ సీసాలో, ఐసు లేకుండా. చేప ఒక్కటి కూడా దాచలేదు, అప్పటికే పూడ్చేశారు. నీళ్లు అన్ని పరీక్షల్లోనూ బాగానే ఉన్నాయని తేలింది. పారే నీళ్లు, మూడు రోజులు, ఏం మిగులుతుంది? చేపని వెంటనే గడ్డకట్టించి పంపి ఉంటే, దాని మెదడులో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో చూసి, కొన్ని రకాల పురుగుమందులు పడ్డాయో లేదో చెప్పగలిగేవాళ్లం. నీళ్లు మరిచిపోయినా ఒళ్లు మరిచిపోదు. నివేదికలో "కారణం నిర్ధారణ కాలేదు" అని రాశారు. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది.

చచ్చినవాటి లెక్క మీద నమ్మకం పూర్తిగా పోయింది మాత్రం ల్యాబులో చేసిన ఒక చిన్న ప్రయోగంతో. పరిగెలాంటి చేపల చర్మంలో ఒక పదార్థం ఉంటుంది. చర్మం చిట్లితే అది నీళ్లలోకి వస్తుంది. ఆ వాసన తగలగానే తోటి చేపలకి ప్రమాదం అని తెలిసిపోతుంది. తేనెటీగల నాట్యం మీద పని చేసిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో దీన్ని రాశాడు. మేం ఒక తొట్టెలో మామూలు నీళ్లు, ఇంకో తొట్టెలో లీటరుకి కొద్ది మైక్రోగ్రాముల రాగి కలిపిన నీళ్లు పెట్టి, రెండింట్లోనూ పరిగెలు వదిలాం. ఒక రోజంతా అలా ఉంచాం. ఒక్కటీ చావలేదు. రెండు తొట్టెల్లోనూ మేత తిన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరూ తేడా చెప్పలేరు.

అప్పుడు సార్ చిన్న చర్మపు ముక్క నూరి, వడగట్టి, ఆ నీళ్లు చెరో తొట్టెలో చుక్కలుగా వేశారు. మొదటి తొట్టెలో గుంపు ఉలిక్కిపడింది. ఒక్క క్షణం బిగుసుకుని, దిగ్గున అడుగుకి పోయి, మూలకి చేరి, ఒకదాని కింద ఒకటి దూరి, కదలకుండా ఉండిపోయాయి. రెండో తొట్టెలో ఏమీ జరగలేదు. తీరిగ్గా తిరుగుతూనే ఉన్నాయి. ఒకటి ఆ చుక్క పడ్డ చోటుకే వచ్చి నోరు పెట్టి చూసి వెళ్లింది. రాగి వాటి ముక్కులోని కణాలని మొద్దుబార్చేసింది. చెరువులో అయితే అవి ఆ సాయంత్రానికి ఏ కొరమీను నోట్లోనో పడేవి. పడితే అది ఎవరి లెక్కలోకి వస్తుంది? కాలుష్యం వల్ల పోయిందని ఏ రికార్డులో రాస్తారు? ఆ తొట్టె ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఆ తిరుగుతున్న చేపలు, నా వరకు, తేలిన చేపలకన్నా భయంకరమైన దృశ్యం.

తర్వాత ఎక్కడ ఏం చదివినా నాకు ఆ రెండో తొట్టే గుర్తొచ్చేది. జపాన్‌లోని మినమాతాలో మొదట పిల్లులు పిచ్చెక్కినట్టు గంతులేసి పోయాయి, తర్వాత మనుషులు. 1956 మే 1న ఆ జబ్బుని అధికారికంగా గుర్తించారు. ఫ్యాక్టరీ నుంచి పాదరసం పారడం 1968 దాకా ఆగలేదు. ఆ పాదరసపు విష రూపం, మిథైల్ మెర్క్యురీకి రంగు తెలియదు, వాసన తెలియదు. అది చేప కండలో కూర్చుంటుంది. చిన్న చేపని పెద్ద చేప తిన్నకొద్దీ పోగుపడుతుంది. కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్‌లో దోమల్లాంటి చిన్న పురుగుల కోసం 1949 నుంచి మూడు విడతలుగా డీడీడీ అనే మందు చల్లారు, డీడీటీకి చెల్లెలు అది. నీళ్లలో కలిపింది పది లక్షల భాగాల్లో 0.02 భాగం. అక్కడి చేపలని తిన్న గ్రీబ్ పక్షుల కొవ్వులో 1,600 భాగాలు తేలింది. నీళ్లని ఎంత పరీక్షించినా ఆ సంగతి తెలిసేది కాదు.

కెనడాలోనే ఇంకో సరస్సులో 2001 నుంచి మూడు వేసవులు గర్భనిరోధక మాత్రల్లో వాడే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌ని లీటరుకి 5, 6 నానోగ్రాముల చొప్పున కలిపారు. మురుగునీళ్లతో నదుల్లోకి అసలే వస్తోంది కదా, చూద్దామని. అక్కడి చిన్న చేపలు, ఫ్యాట్‌హెడ్ మిన్నోలు, ఒక్కటీ తేలలేదు. మగ చేపల ఒంట్లో గుడ్డు సొనకి కావలసిన ప్రోటీన్ తయారవడం మొదలైంది. పిల్లలు పుట్టడం ఆగిపోయింది. కొన్నేళ్లకి ఆ జాతి సరస్సులో దాదాపుగా కనిపించకుండా పోయింది. 2007లో ఆ పరిశోధన అచ్చయినప్పుడు సార్‌కి ఫోన్ చేసి చదివి వినిపించాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు, వినికిడి తగ్గింది. రెండుసార్లు చదివించుకున్నారు. "శవాలు లేవన్నమాట" అన్నారు. మందు ఆపాక కొన్నేళ్లకి ఆ చేపలు మళ్లీ పెరిగాయి. అది వినడానికి ఆయన లేరు.

టైర్ల సంగతి కూడా ఆయనకి చెప్పలేకపోయాను. అమెరికా పడమటి తీరంలో వాన పడ్డప్పుడల్లా, గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎక్కిన కోహో సాల్మన్ చేపలు గంటల్లో చనిపోయేవి. కారణం ఏళ్ల తరబడి దొరకలేదు. 2020లో తేలింది: టైరు రబ్బరు పగలకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి మారిన రూపం. రోడ్డు మీద అరిగిన టైరు పొడి వాన నీళ్లతో వాగులోకి వస్తుంది. విచిత్రం ఏమిటంటే అదే వాగులో, అవే నీళ్లలో, చమ్ అనే ఇంకో జాతి సాల్మన్లకి దాదాపుగా ఏమీ కాదు. ఏ చేపని అడిగితే ఆ చేప తన సంగతే చెబుతుంది. అందుకే ఒక జాతిని తొట్టెలో పెట్టి 96 గంటలు చూసి, సగం చచ్చేంత మోతాదు ఇంత అని రాసి, నీళ్లు క్షేమం అని తీర్మానించే పద్ధతి మీద నాకు మనసులో ఎప్పుడూ ఒక ప్రశ్న ఉంటుంది. ఆ పరీక్ష అక్కర్లేదని నేననను, నేనూ వందల సార్లు చేశాను. అక్కడితో ఆగిపోవడమే తప్పు.

నిస్పృహ వచ్చిన రోజుల్లో లండన్‌లోని థేమ్స్ నదిని తలుచుకునేదాన్ని. 1957లో దాన్ని జీవం లేని నదిగా లెక్కకట్టారు. మురుగుని శుద్ధి చేసే కేంద్రాలు బాగుచేశాక 1974లో అందులో సాల్మన్ దొరికింది.

మా చెరువుకి కాలువ మళ్లించడానికి చాలా ఏళ్లు పట్టింది. మళ్లించిన మరుసటి ఏడే నీళ్లు తేటపడతాయని అందరూ ఎదురుచూశారు. పడలేదు. అన్నేళ్లుగా అడుగు బురదలో చేరిన ఫాస్ఫరస్, ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా మళ్లీ పైకి వస్తూనే ఉంటుంది. చెరువు తన పాత తిండినే తిరిగి తిరిగి తింటుంది. తాత ఉన్నప్పుడు ఇది చెబితే, "మనిషికైనా అంతే కదమ్మా, జొరం పోయినా నీరసం పోవద్దూ" అన్నాడు. నీళ్లు తేటపడటం ఆయన చూడలేదు.

మొన్నీమధ్య అటు వెళ్లాల్సి వచ్చింది. ముందు రోజు రాత్రే పాత పెట్టె దించి మందులు సర్దుకున్నాను. నాలుగున్నరకి గట్టు మీద ఉన్నాను. గాలి లేదు. చెవి పెట్టి విన్నాను. ఒక్కచోట, రెండు చోట్ల చప్పుడు, అంతే. మోకాళ్ల లోతుకి దిగి పద్నాలుగో నంబరు సీసా ముంచాను. చెయ్యి వణికింది, బుడగ వచ్చింది, పారబోసి మళ్లీ ముంచాను. మందులు వేసి తలకిందులు చేశాను. మొదట తెల్లగా కదిలి, ఆ తెలుపులోంచి మెల్లగా రంగు దిగింది. ముదురేం కాదు, పలచని గోధుమరంగు, టీలో పాలెక్కువైనట్టు. లెక్కకట్టకుండానే మూడో నాలుగో మిల్లీగ్రాములని చెప్పగలను. తృప్తిపడేంత కాదు. అయినా సీసా వెలుగుకి పెట్టుకుని, రంగు అడుగుకి దిగేదాకా అలాగే నిలబడ్డాను.

తెల్లారింది. తుంగ మొదట్లో నీళ్లు కాస్త తేటగా ఉన్న చోట వేలెడంత పరిగెలు, పది పదిహేను, గుంపుగా ఆగి ఉన్నాయి. వంగి చూద్దామని చెయ్యి చాచాను. నా చేతి నీడ నీళ్ల మీద పడీ పడకముందే అన్నీ ఒక్కసారిగా మళ్లి, అడుగుకి దూసుకుపోయాయి.